మైదానానికి చెరోవైపు

మొక్కజొన్న కోతలు ఇంకా సగం మిగిలున్న శనివారం. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటకి మధ్యలో విరామమిచ్చారు. గోలు స్తంభాల వెనక ముసలి దంపతులిద్దరు ఒకే ఫ్లాస్కు మూతలో కాఫీ తాగుతున్నారు. ఆయన చదివింది మా కాలేజీ, ఆవిడ చదివింది అవతలి ఊరి కాలేజీ. ఈ రెండింటికీ ఆట ఉన్ననాడు మాత్రం, ఇవాళలాగే, చెరోవైపు కూర్చుని విరామంలో ఇక్కడ కలుస్తారు. నేను కంచెకి ఆనుకుని ఉన్నాను.

"సోమవారం మీ కాలేజీ ఆటల కమిటీలో ఏమంటావయ్యా?" ఆవిడ అడిగింది.

"పెద్ద లీగుకి పోదామని నలుగురు, వద్దని నలుగురు. ఇక మిగిలింది నా ఓటే. వద్దనే అంటాను."

"ఎందుకు?"

"మూడు వేల సీట్ల మైదానం మనది. మన అయోవా రాష్ట్రం దాటిపోయి ఆ ఏనుగులతో తలపడితే మన పిల్లల నడుములు విరుగుతాయే."

"అబద్ధాలాడకు. నిరుడు మావాళ్లని యాభై పాయింట్ల తేడాతో తొక్కారు. మీ పిల్లలకి మేమిక చాలం."

"పైకి పోతే మీతో ఈ ఆట ఉండదు."

"తెలుసు."

"నలభై ఒక్క ఏళ్లుగా అటువైపు నుంచి నన్ను తిడుతున్నావు."

"ఇంట్లో తిట్టేది చాలట్లేదా?"

"ఇంట్లో నా వైపు చూడకుండానే తిడతావు. ఇక్కడైతే ఇంత జనంలోనూ నన్నే వెతుక్కుంటావు."

ఆవిడ ఫ్లాస్కులో మిగిలిన కాఫీ అంతా ఆయనకే వంచింది.

"పోదామనే ఓటు వెయ్యి. పిల్లల కాళ్లకి మనం అడ్డం పడకూడదు."

"మరి నువ్వెక్కడ కూర్చుంటావు?"

"నీ పక్కనే."

"పక్కనుంటే నన్నేం చూస్తావే?"

"తల తిప్పి చూస్తానయ్యా. మెడ ఇంకా తిరుగుతూనే ఉందిగా."