బాతు బాబాయి పాసయ్యాడట

మనవరాలు డ్రైవింగ్ పరీక్ష మూడోసారి తప్పి వచ్చి, గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. తాతయ్య ముందుగదిలో టీవీ పెట్టి, ఆ మూసిన తలుపుకేసి మాట్లాడటం మొదలుపెట్టాడు.

“అమ్మడూ, మన కార్టూన్‌లో బాతు బాబాయి డ్రైవింగ్ పరీక్ష పాసైపోయాడే.”

“నన్నొదిలెయ్యి తాతయ్యా.”

“ఒట్టు. పరీక్ష పెట్టే నక్క కళ్ళు తుడుచుకుని, తన టోపీ తీసి వాడి నెత్తిన పెట్టింది.”

“కోతలు కొయ్యకు. నేను పాలసీసా పట్టుకు తిరిగినప్పటి నుంచీ వాడు ఆ పరీక్ష తప్పుతూనే ఉన్నాడు. పాసైతే ఇంక కార్టూన్ ఏముంటుంది?”

“అందుకే మరి, ఇవాళ్టితో ఆపేస్తున్నారట.”

గడియ తీసిన చప్పుడైంది.

“ఏదీ, చూడనీ. అబద్ధాల తాతయ్యా, వాడు మళ్ళీ కరెంటు స్తంభాన్ని గుద్దాడు.”

“అలాగా? కళ్ళజోడు లేక సరిగ్గా ఆనలేదు.”

“నీ నెత్తి మీదే ఉంది.”

“సరేలే, కూర్చో. వాడికి కట్టు కడుతున్నారు.”

“జరుగు. ఈ నెలలో లైసెన్సు రాకపోతే స్కూలు వ్యాను ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారు తాతయ్యా. బండి వెనక్కి తియ్యమంటే చాలు, స్టీరింగు ఎటు తిప్పాలో మర్చిపోతాను.”

“వాడు మొన్న వెనక్కి తీస్తూ తీస్తూ నక్కగారి స్నానాల గదిలో దూరాడు. మర్నాడు మళ్ళీ పరీక్షకి వరసలో నిలబడ్డాడు.”

“అది మాత్రం నిజమే. నేనూ చూశాను.”

ఇద్దరూ కాసేపు టీవీ చూశారు.

“పొద్దున్న మైదానానికి వస్తావా? నేను వెనక్కి తీస్తుంటే చూసి చెప్పాలి.”

“వస్తాను. కారు వెనకాల మాత్రం నిలబడను.”