జింక ఎనకకెందుకు చూస్తది

"తాతా, గోపాల్‌పేట అంగన్‌వాడీ గోడకు తెల్లరంగు కొట్టి కొత్త బొమ్మలు గియ్యమన్నరు నన్ను. నువ్వు గీసిన జింక కాడికొచ్చేసరికి నాకు చెయ్యి రాలే. అదెందుకు తాతా గట్ల ఎనకకు తిరిగి చూస్తది?"

కూసో అనితా, కూసో బిడ్డా. జర గా కుర్చీ దగ్గరికి గుంజుకో, నాకు చెవులు సరిగ ఇనవస్తలేవు. తెల్లరంగు కొడ్తరని నిన్ననే తెలిసింది. కొట్టనీ తియ్, గోడలన్నంక రంగులు మారకుంటయా అనుకున్న. కాదు, నీ కాడ అబద్ధమెందుకు, రాత్రి బువ్వ పోలే నాకు. లారీల మీద నేనేసిన బొమ్మలన్నీ లారీలతోనే తుక్కుకు పోయినయి. నా చేతిది మిగిలింది ఇగ గదొక్కటే.

జింక సంగతి చెప్పాలంటె ముందుగాల బజ్జీల సంగతి చెప్పాలె. నవ్వకు. మా అబ్బాకు కొత్తకోటల రోడ్డు మీద సైకిళ్లు బాగుచేసే దుకాణముండె. పక్కకే మిర్చి బజ్జీల బండి. చారానాకు నాలుగు... లేదు లేదు, ఐదొచ్చేటియి. అప్పటి బజ్జీ గింత పొడుగుంటుండె, ఇప్పటిది బజ్జీయేనా? ఆఁ, ఒకపాలి అబ్బా పొట్లం తెచ్చిండు. బజ్జీలు మా చెల్లె తిన్నది, నేను కాయితం పట్టుకున్న. పిల్లల పుస్తకంలది, రంగుల బొమ్మ. జింక మెడ తిప్పి ఎనకకు చూస్తున్నది. నూనె మరకైనా ఆ కన్ను ఎట్లున్నదంటవ్! అంత నలుపు, మూలకు ఒక్క చుక్క తెలుపు. ఆ తెలుపు గూడ రంగు కాదు బిడ్డా, కాయితాన్నే అట్ల ఇడిసిపెట్టిండు ఆ బొమ్మ ఏసినాయన. నాకు ఒళ్లు జల్లుమన్నది, ఎర్కనా?

బండాయన కాడికి ఉరికిన, మిగతా పుస్తకమేదని. ఇంకేడిది, అన్నీ పొట్లాలు కట్టిండు. ఆయన పేరున్న కాయితంల గూడ ఎవరికో బజ్జీలు కట్టిచ్చిండు.

ఇగ నా తిప్పలు చూడు. ఆ జింక నడుము కాడికి చినిగిపోయింది. ముంగటి సగమే ఉన్నది. ఎనక సగం ఎట్లుంటదో నాకేం తెల్సు, కొత్తకోటల జింకలేడున్నయి? మా అమ్మీ మేకలు సాకుతుండె. వాటిని చూసి తోక, ఎనక కాళ్లు గీసిన. పెద్దగై లారీలకు రంగులేసే పనిల చేరినంక గూడ గదే జింక. ముంగట ఆ మహానుభావుడిది, ఎనక మా మేకది! బెంగుళూరు దిక్కు పోయే డ్రైవర్లు అడిగి మరీ ఏయించుకునేటోళ్లు. నా కాడ పని నేర్చినోళ్లు గూడ మేక తోకతో సహా అట్లనే గీసిన్రు.

ఒక డ్రైవరు నువ్వడిగినట్టే అడిగిండు, ఇదెందుకు ఉస్తాద్ ఎనకకు చూస్తదని. అడవిల జింక ఎనకకు చూసిందంటె పులి వస్తున్నట్టే గద అని ఎనక ఓ పులిని గీసిన. అందరు బాగుందన్నరు. అప్పటిసంది పులి లేకుండ గియ్యలే. ఆ అంగన్‌వాడీ గోడ మీద గూడ పెట్టిన. ఆడ పనిచేసే ఆయమ్మ, బువ్వ తినని పిల్లలకు అగో పులి వస్తదని చూపెడ్తదంట.

మొన్న రంజాన్‌కు ముంగట మా బిడ్డ ఇంటికి వనపర్తి పోయిన. మనుమరాలు బడి నుంచి పుస్తకం తెచ్చుకున్నది. పక్కకు కూసొని తిప్పుతున్నది, నేనూ చూస్తున్న. గదే జింక! కొత్తగ అచ్చేసిన్రు. అరవై ఏండ్లు దాటింది, కన్ను గట్లనే ఉన్నది బిడ్డా. నేను గబుక్కున ఎనక సగం మీద చెయ్యి అడ్డం పెట్టిన. ఎందుకో భయమైంది చూడాలంటె. ఆ పోరి నా చెయ్యి తీసేసింది.

పులి లేదు. పిల్ల ఉన్నది. గింతంత జింకపిల్ల, పొదుగు కింద మూతి పెట్టి పాలు తాగుతున్నది. తల్లి దాన్ని చూసుకుంటున్నది, గంతే.

ఇన్నేండ్లు ఆ తల్లిని నేను భయపెట్టిన అనితా. ఏడ్చిన, నీ కాడ సిగ్గేంది. మనుమరాలు పరేషానై వాళ్లమ్మను పిలిచింది. భయపడ్డ కన్ను గట్లుంటదా చెప్పు? మా మేకలు ఈనినప్పుడు రోజూ చూసిన చూపే అది. చూసి గూడ గుర్తుపట్టలే నేను. బొమ్మ ఏసినాయన పేరు చదివిచ్చుకొని దువా చేసిన. తప్పు నాది, ఆయన సక్కగనే గీసిండు.

తెల్లరంగు కొట్టాలంటె కొట్టు, కాదనను. కాని పులి మీదనే కొట్టు. పొదుగు కాడ పిల్లను గియ్యి. నేను గియ్యలేను, చూడు ఈ చెయ్యి, చాయ్ గిలాస నిలుస్తలేదు. పుస్తకం చూసి గియ్యాల్సిన పని లేదు. మీ దొడ్లె బర్రె ఈనింది గద, ఆ దూడ ఎట్ల తాగుతదో చూసి గియ్యి. దూడ లెక్క వచ్చినా ఏం కాదు, మేక కాళ్లకు కానిది దానికేమైతది? తల్లి కన్ను మాత్రం ముట్టకు. అది మనది కాదు.

అల్లా నీ చేతికి బర్కత్ ఇయ్యాలె బిడ్డా, సల్లగుండు. రేపు పోతవా? బండి మీద నన్ను గూడ తీస్కపో. నీకేం అడ్డం మాట్లాడ. గోడకు ఎదురుంగ ఓ కుర్చీ ఏసుకొని కూసుంట, ఆ పులి పోయేదాంక...