మా గుడిలో సుగుణ పాడని కీర్తన

"అమ్మమ్మా, ఫోన్లో ఈ పాట పాడేది మన రేపల్లె ఆవిడేనంటగా? నీకు తెలుసా?"

తెలుసా ఏంటే! సుగుణే అది. సౌండు పెంచు. ఊఁ... అదిగో, ఆ సాగదీయడం విన్నావా? దానికే ఇక్కడ తిట్లు తినేది. మన చర్చి గుడి క్వయర్‌లో మేమిద్దరం పక్కపక్కనే నిలబడేవాళ్లం. నాకన్నా చిన్నదిలే. కీర్తన అందరికీ అయిపోయేది, దానికి అయ్యేది కాదు. చివరి మాట పట్టుకుని ఇంకా ఊగుతా ఉండేది. "తిన్నగా పాడమ్మా, ఇదేమన్నా పొలమా?" అని కసిరేవారు క్వయర్ మాస్టారు. ఆయన మంచాయనేలే, మా పెదనాన్నకి బావమరిది... కాదు కాదు, తోడల్లుడు. సర్లే, ఆయన గొడవెందుకిప్పుడు.

పొలమా అని ఎందుకన్నారంటే, వాళ్లమ్మ ఊడ్పులకెళ్లేది. ఆవిడ పాటెత్తుకుంటే నాట్లేసే ఆడాళ్లంతా అందుకునేవాళ్లు. సుగుణకి ఆ గొంతే వచ్చింది.

తర్వాత నర్సు చదివి లండన్ వెళ్లిందా, అక్కడ దాంతోపాటు డ్యూటీ చేసే జమైకా ఆవిడ వాళ్ల చర్చికి తీసుకెళ్లిందంట. ఇది పాడితే, ఇంకా సాగదియ్యమ్మా, ఇంకా, అని లేచి చప్పట్లు కొట్టారంట! చూశావా మరి. అదేదో సోల్ మ్యూజిక్కంటగా, నీకే తెలియాలి. రికార్డులొచ్చినయ్, పెద్ద పెద్ద హాళ్లలో పాడింది, పేపర్లో ఫొటో వేశారు. ఇక్కడ తిట్టిన నోళ్లే "మా సుగుణ, మా సుగుణ" అనడం మొదలెట్టినయ్.

వాళ్లమ్మ పోయాక ఒకసారి వచ్చింది. మా ఇంట్లోనే దిగింది. పొద్దున నాతోపాటు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తా, వాళ్లమ్మకిష్టమైన కీర్తన మెల్లగా పాడుకుంటా ఉంది. "అక్కా, ఎన్ని దేశాల్లో పాడినా మన గుడిలో ఒక్కదాన్నే నిలబడి ఎప్పుడూ పాడలేదు. సాయంత్రం అమ్మ కోసం పాడతా" అంది. దానికోసమే వచ్చిందమ్మా అది, అంత దూరం నుంచి.

సాయంత్రం గుడిలోనే సన్మానం పెట్టారు. మనవాళ్ల సన్మానాలు నీకు తెలుసుగా! కుర్చీలో కూచోబెట్టి శాలువా కప్పారు. ఇక ఒకాయన కూచుంటే ఇంకొకాయన లేస్తాడు. తెనాలి నుంచొచ్చినాయన మాట్లాడాడు, బాపట్ల నుంచొచ్చినాయన మాట్లాడాడు, నందివెలుగాయనైతే వాళ్ల మనవరాలి డాన్సు సంగతి కూడా చెప్పాడు. ఒకరికి మైకిచ్చి ఒకరికి ఇవ్వకపోతే అలుగుతారు గదా మరి. ఇదేమో దండల వెనకాల గొంతు సవరించుకుంటా, ఇప్పుడు పిలుస్తారు, ఇప్పుడు పిలుస్తారని చూస్తా ఉంది. నాకు ప్రాణం ఆగక సెక్రటరీగారి దగ్గరికెళ్లి చెప్పా. "ఆఖర్న పెట్టాంలెండమ్మా, పెద్దలది అయిపోనివ్వండి" అన్నారు. ఆఖర్నేముందీ, తెనాల్లో దాని రైలుకి టైమైపోయింది. పాస్టరుగారు గబగబా ముగింపు ప్రార్థన చేసేశారు, దాన్ని కారెక్కించేశారు. ఎంత గొప్పగా చేశామో అని మావాళ్లు ఒకటే సంబరం! పాటగత్తెని పిలిచి పాట అడగలేదన్న సంగతి ఒక్కళ్లకీ తట్టలేదు.

కారు అద్దం దించి, "ఈసారొచ్చినప్పుడు ముందు పాడేస్తానక్కా, శాలువాలు తర్వాత కప్పుకోండి" అంది. నవ్వుతానే అంది గానీ కళ్లనిండా నీళ్లే.

మళ్లీ ఎక్కడొచ్చింది? పోయినేడు అక్కడే పోయింది.

ఆ కీర్తన దాని గొంతులో ఈ ఊళ్లో విన్నదాన్ని నేనొక్కదాన్నేనే. అదీ సగమే. మధ్యలో పాలబ్బాయి కేకేస్తే గిన్నె తీసుకుని లేచెళ్లా. సాయంత్రం ఎటూ వింటాం గదా అనుకున్నా...

ఏం చేస్తాం. దేవుడు నిన్ను చల్లగా చూడాలి తల్లీ. నువ్వెప్పుడన్నా పాడాలనుకుంటే మాత్రం, ఎవరో పిలుస్తారని కూచోమాక. లేచి పాడెయ్యి.