ఇరవై ఐదు చుక్కలు

నర్సింగ్ కళాశాలలో ట్యూటర్ గది. మందుల మోతాదు లెక్కల పరీక్ష జరిగిన మర్నాడు, మధ్యాహ్నం పన్నెండు కావస్తోంది.

"మళ్లీ చెప్తున్నా, కూర్చో."

"పర్లేదు మేడమ్, నిలబడతా. పద్దెనిమిదేళ్లు వార్డులో ఆయాగా నిలబడే ఉన్నా. కూర్చుంటే నాకు మాట రాదు."

"నీ ఇష్టం. ఇది నీ పేపరేనా?"

"నాదే. చీమలు పాకినట్టుంటుంది నీ రాత అంటుంది మా అమ్మాయి. ఆ చీమలు నావే."

"జోకులొద్దు. ఇరవై ప్రశ్నలు. అందులో పంతొమ్మిది రైటు. పోయినసారి పదకొండు, అంతకుముందు తొమ్మిది. నమ్మలేక నేనే రెండుసార్లు దిద్దాను."

"నేనూ నమ్మలేదు మేడమ్."

"మరి ఈ ఇరవయ్యో దాంట్లో ఏమిటిది?"

"జవాబు."

"జవాబంటారా దీన్ని? చదువు ఏం రాశావో."

"'ఇవ్వను. డాక్టర్‌గారిని అడుగుతాను.'"

"ప్రశ్నలో ఏమడిగాను?"

"నిమిషానికి ఎన్ని చుక్కలు ఎక్కించాలని."

"నువ్వేమన్నావ్?"

"ఇవ్వనన్నా."

"ఇవ్వను అనేది అంకేనా? ఒకట్ల స్థానంలో వేయాలా, పదుల స్థానంలో వేయాలా దాన్ని?"

"మీరెక్కడ వేసినా సరే మేడమ్, నా జవాబు అదే."

"చూడమ్మా, రూలు నీకు తెలుసు. ఇరవైకి ఇరవై వస్తేనే సోమవారం వార్డుకి పంపుతారు. పంతొమ్మిదంటే ఫెయిలే. అందరికీ మూడుసార్లు పెట్టాం, ఇదే ఆఖరుది. ఫెయిలయితే ఏడాదంతా మళ్లీ మొదటి నుంచి."

"తెలుసు."

"తెలిసే రాశావా?"

"తెలిసే రాశా."

"నిజం చెప్పు. లెక్క రాక అలా తప్పించుకున్నావ్ కదూ? పర్లేదు, నాతో చెప్పు, నేనేం అనను."

"లెక్క రాకపోవడమేంటి మేడమ్! వంద మిల్లీలీటర్ల బ్యాగ్. గంటలో అయిపోవాలి. ఆ డ్రిప్ సెట్‌లో మిల్లీలీటరుకి పదిహేను చుక్కలు. వందని పదిహేనుతో గుణిస్తే పదిహేను వందలు. గంటకి అరవై నిమిషాలు, దాంతో భాగిస్తే ఇరవై ఐదు. నిమిషానికి ఇరవై ఐదు చుక్కలు. ఇంకా చెప్పమంటారా? వంటింట్లో కుళాయి సన్నగా తిప్పి, గోడ గడియారం చూస్తూ చుక్కలు లెక్కపెట్టి నేర్చుకున్నా నేను. కుళాయి పాడైందనుకుని మా ఆయన బాగుచేసేవాణ్ణి కూడా పిలుచుకొచ్చాడు."

"మరి వచ్చు కదా! ఆ ఇరవై ఐదేదో ఇక్కడ రాయడానికేం రోగం?"

"రోగం నాకు కాదు మేడమ్, ఆ మనిషికి. రాస్తే ఇచ్చినట్టే."

"కాగితం మీద రాస్తే ఎవరికిచ్చినట్టు?"

"ఆ బ్యాగ్‌లో ఏముందో మీరే రాశారు. పొటాషియం, నలభై మిల్లీఈక్వివలెంట్లు. గంటలో ఎక్కించాలట. మామూలు వార్డు, చేతి నరం. పక్కన గుండె చూసే మానిటర్ కూడా లేదు."

"అయితే?"

"అయితే ఏంటి మేడమ్! గుండె ఆగిపోతుంది. గంటకి పది దాటకూడదని మీరే చెప్పారు. బోర్డు మీద రాసి కింద రెండు గీతలు గీశారు. రెండో గీతకి సుద్దముక్క విరిగింది కూడా."

"అది మందుల పాఠం. ఇది లెక్కల పరీక్ష."

"మందుల పాఠానికొక పేషెంటు, లెక్కల పరీక్షకింకో పేషెంటు ఉంటాడా మేడమ్?"

"వాదన మొదలెట్టావూ! పరీక్షలో పేషెంటు ఉండడు. అంకెలుంటాయి, అంతే. మామిడిపళ్ల లెక్క చేసేటప్పుడు పళ్లు కుళ్లాయా లేదా అని అడుగుతామా?"

"నేనైతే అడుగుతా. తినేది మనిషి కదా."

"అబ్బబ్బ! క్లాసులో ముప్పై తొమ్మిది మందున్నారు. ముప్పై ఎనిమిది మంది ఇరవై ఐదని రాశారు. పద్దెనిమిదేళ్ల పిల్లలు, చకచకా రాసి వెళ్లిపోయారు. వాళ్లందరికీ తెలియనిది నీ ఒక్కదానికే తెలిసిందా?"

"వాళ్లకీ తెలుసు మేడమ్. నిన్న హాస్టల్ మెట్ల మీద అడిగా. ఇద్దరు ముగ్గురికి అనుమానం వచ్చిందట. 'లెక్క అడిగితే లెక్కే చెప్పాలి పెద్దక్కా, పేషెంటు గొడవ మనకెందుకు' అని నవ్వారు."

"చూశావా? వాళ్లకున్న తెలివి..."

"అదే నా భయం."

"ఏంటి?"

"ఏం లేదు. మీరు చెప్పండి."

"నేను చెప్పేదొక్కటే. ఇదిగో పెన్ను. ఆ గీత మీద ఇరవై ఐదు అని రాయి. నువ్వు రాసిన వాక్యం అలాగే ఉండనీ, కొట్టేయనక్కర్లేదు. పక్కన అంకె వేస్తే చాలు. నేను కిటికీలోంచి బయటికి చూస్తుంటా."

"మేడమ్!"

"ఏం?"

"మీరేనా ఈ మాటంటున్నది? పోయినసారి నేను దశాంశం చుక్క మర్చిపోతే, ఏడుస్తూ కాళ్లా వేళ్లా పడినా అర మార్కు వేయలేదు మీరు. ఆ చుక్కతో పదిరెట్లు మందు పోతుందన్నారు. ఇవాళ పెన్ను మీ అంతట మీరే ఇస్తున్నారు."

"నీ మంచి కోరే ఇస్తున్నా."

"నా మంచి కోరితే మార్కు వేయండి. పెన్నెందుకు?"

"అంకె లేకుండా మార్కెలా వేయను?"

"అంకె మీకు నోటితో అప్పజెప్పా కదా. కాగితం మీద ఉండాల్సిందేనా? ఎందుకంత పట్టుదల మేడమ్?"

"పట్టుదల నాదా, నీదా? డాక్టర్ రాసిచ్చాడు. ఆయన ఎన్నేళ్లు చదివాడు, నువ్వెన్నాళ్లు చదివావ్? ఆయన రాసింది ప్రతి నర్సూ నేనివ్వను పొమ్మంటే ఆసుపత్రి నడుస్తుందా?"

"పొమ్మనలేదు. అడుగుతానన్నా. ఆయన నిద్రలేక రాసి ఉండొచ్చు, నాలుగు గంటలు రాయబోయి గంట అని రాసి ఉండొచ్చు. ఒక్క ఫోను చేస్తే ఆయన పరువేం పోదు. చేయకపోతే ఒక ప్రాణం పోతుంది."

"తిడతాడు."

"తిట్టనివ్వండి. నాకు తిట్లు కొత్తా?"

"ఆ పొగరే వద్దు నీకు. నలభై రెండేళ్లొచ్చాయి, ఇంట్లో ఎదిగిన కూతురుంది. ఆయా పని వదిలి ఇంత దూరం వచ్చావు. ఒక్క అంకె దగ్గర ఆగిపోతావా?"

"ఆ అంకె దగ్గర ఆగాలనే వచ్చా మేడమ్."

"అంటే?"

"ఆయాగా ఉన్నప్పుడు ఒక ముసలాయనకి మందు కలిపిన సెలైన్ పెట్టారు. నేను పక్క దుప్పటి మారుస్తున్నా. చెయ్యి చూస్తే బూరెలా ఉబ్బింది, తెల్లగా, చల్లగా. మందు నరంలోకి కాదు, పక్కన కండలోకి పోతోంది. సిస్టర్‌తో చెప్పబోయా. 'నీ పని నువ్వు చూసుకో' అంది. చూసుకున్నా. దుప్పటి ముడత లేకుండా పరిచా. తర్వాత ఆయనకి రెండు వేళ్లు తీసేశారు."

"అది నీ తప్పు కాదు."

"కాదు. అందరూ కాదనే అన్నారు. కానీ మళ్లీ అలా నోరు మూసుకుని దుప్పటి పరచలేను మేడమ్. నేను ఇదేంటని అడిగితే ఎదుటివాళ్లు సమాధానం చెప్పి తీరాల్సిన యూనిఫాం ఏదైనా ఉంటే అది వేసుకుందామని వచ్చా. పదేళ్లప్పుడు వదిలేసిన భిన్నాలు మా అమ్మాయి దగ్గర కూర్చుని నేర్చుకున్నా. తప్పు చేస్తే స్కేలుతో కొట్టేది, నా కూతురే. ఇంతా చేసి మొదటి రోజే నోరు మూసుకుంటే, నాకా ఆయా పనే మేలు."

"ఎవరది, తలుపు దగ్గర?"

"నేనేనండీ మేడమ్, ఆఫీసు గుమస్తాని. పాసైనవాళ్ల జాబితా. ప్రిన్సిపాల్‌గారు పన్నెండింటికల్లా కావాలన్నారు."

"ఇస్తాను. అయిదు నిమిషాలు ఆగండి."

"ముప్పై ఎనిమిదే కదండీ? టైపు చేసి ఉంచేస్తా..."

"ఆగమన్నానా!"

"అలాగేనండీ. బయట బల్ల మీద కూర్చుంటా."

"విన్నావా? ఆయన వేళ్లు అప్పుడే టైపు మిషన్ మీదున్నాయి. రాస్తావా, రాయవా?"

"రాయను."

"ఏడాది పోతుంది."

"పోనివ్వండి. కుళాయి ఉంది, గడియారం ఉంది, మళ్లీ లెక్కపెట్టుకుంటా. మళ్లీ ఇదే ప్రశ్న వస్తే మళ్లీ ఇదే రాస్తా. కానీ మీరొక్క పని చేయాలి."

"ఏంటది?"

"ఎందుకు తప్పిందో ఎర్ర సిరాతో రాయండి. 'పేషెంటు గుండె ఆగే మందు ఇవ్వనన్నందుకు సున్నా' అని. కింద సంతకం పెట్టండి. ఆ కాగితం ప్రిన్సిపాల్‌గారి దగ్గరికి నేనే తీసుకెళ్తా."

"బెదిరిస్తున్నావా?"

"లేదు మేడమ్. అడుగుతున్నా. రాయండి."

"అలా ఎలా రాయను?"

"రాయండి మేడమ్. పెన్ను మీ చేతిలోనే ఉంది."

"గుమస్తా గారూ! లోపలికి రండి."

"వచ్చానండీ."

"ముప్పై తొమ్మిది."

"ఏంటండీ?"

"పాసైంది ముప్పై తొమ్మిది మంది. చివరి పేరు ఈవిడది. ఇరవైకి ఇరవై. ఇదిగో, దిద్దేశాను, చూసుకోండి."

"పెద్దక్క కూడానా! భలే భలే. మా ఆవిడకి చెప్పాలి, నలభై దాటాక చదువేంటంటుంది. పదినిమిషాల్లో టైపు చేసి..."

"ఆపండి గుమస్తాగారూ. అప్పుడే పంపకండి."

"అదేంటి పెద్దక్కా, నీకు పాసైనా బాధేనా?"

"మీరు వెళ్లండి గుమస్తా గారూ. టైపు చేసి దగ్గరుంచుకోండి, నేను చెప్పాక పంపుదురు గాని. ఇప్పుడేమైందమ్మా నీకు? కోరిన మార్కు వేశాను. మళ్లీ ఏం పితలాటకం?"

"నా మార్కు సరే. మరి ఆ ముప్పై ఎనిమిది మంది?"

"వాళ్లకేం? పాసయ్యారు."

"ఇరవై ఐదని రాసి పాసయ్యారు. సోమవారం వార్డుకెళ్తారు. నిజంగానే ఎవరైనా అలాంటి చీటీ చేతికిస్తే చకచకా లెక్కకట్టి, నిజంగానే బ్యాగ్ తగిలిస్తారు. రైటు పెట్టి పంపింది మీరే కదా మేడమ్."

"నెమ్మదిగా చెప్తాలే వాళ్లకి."

"నెమ్మదిగా అంటే?"

"చెప్తానన్నానా..."

"సోమవారానికి ముందే చెప్పాలి. ఇవాళే. అందర్నీ క్లాసులోకి పిలుచుకొస్తా, మీరు రండి. అసలు మీ ప్రశ్న చూస్తే నాకింకో అనుమానం కూడా వచ్చింది. మిగతా పంతొమ్మిదింట్లో ఉత్త 'ఒక రోగి' అనుంది. దీంట్లో మాత్రం మగమనిషి, ముప్పై నాలుగేళ్లు, కిటికీ పక్క మంచం అని రాశారు. చుక్కల లెక్కకి కిటికీ ఎందుకు మేడమ్?"

"ఊరికే రాశాను."

"మీరు ఊరికే ఏదీ రాయరు."

"నువ్వింక వెళ్లు."

"వెళ్తా. పిల్లల్ని పిలుచుకొస్తా. వచ్చి, ఆ లెక్క తప్పని ఒక్క మాట చెప్పండి, చాలు."

"లెక్క తప్పు కాదు."

"మేడమ్, మళ్లీ అదేనా..."

"తప్పు కాదంటున్నానా! ఆ లెక్క కట్టింది నేను. చీటీ చూశాను, కాగితం మీద గుణించాను, భాగించాను, పక్క సిస్టర్‌కి చూపిస్తే ఆవిడా రైటంది. వాచీ పట్టుకుని నిమిషం పాటు చుక్కలు లెక్కపెట్టాను. సరిగ్గా ఇరవై ఐదు, ఒకటెక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. ఆ అబ్బాయి ఎండ కొడుతోందంటే కిటికీ తెర కూడా వేసొచ్చాను."

"మేడమ్..."

"ఆ అబ్బాయి పోయాక విచారణ జరిగింది. డాక్టర్ రాసింది తప్పన్నారు. నా లెక్క సరిగ్గా ఉందన్నారు. నన్నొక్క మాట అనలేదు ఎవరూ. ఆ నెల్లోనే వార్డు మానేసి ఇక్కడికొచ్చాను."

"కూర్చోండి మేడమ్. నీళ్లు తాగండి. నాకు తెలీదు. తెలిస్తే అంత గట్టిగా అడిగేదాన్ని కాదు."

"అడగాలి. అడిగావ్ కాబట్టే..."

"ప్రమాదాన్ని పోల్చుకోగలరా లేదా అని చూడ్డానికా మేడమ్, పిల్లలకి ఈ ప్రశ్న ఇచ్చింది? మంచి పనే చేశారు."

"మంచి పనా? పదకొండేళ్లుగా ఇస్తున్నాను. నాలుగొందల మంది పైనే రాశారు, అందరూ ఇరవై ఐదే. ఎవరైనా ఆపుతారని కాదమ్మా ఇచ్చింది. నా చోట ఎవరున్నా ఇచ్చేసేవాళ్లేనని ఏడాదికోసారి చూసుకుని, ఊపిరి పీల్చుకోవడానికి."