ఊరి ముద్రలో విరిగిన చక్రం

మనవరాలు ఆస్టిన్‌లో కాలేజీలో చేరడానికి బయల్దేరింది. కారు తనే నడుపుతోంది. పక్కన కూర్చున్న అమ్మమ్మ ఊరి పొలిమేరలో, ఊరి ముద్ర ఉన్న పెద్ద బోర్డు ముందు కారు ఆపించింది.

"వెనక్కి తిప్పు."

"ఏం మర్చిపోయావ్ అమ్మమ్మా?"

"ఏమీ మర్చిపోలేదు. ఆ బోర్డు మీద విరిగిన బండి చక్రం చూడు. బయల్దేరగానే అదా ఎదురు రావడం? ఇంటికెళ్ళి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని మళ్ళీ వద్దాం."

"అది టౌన్ సీల్! మన చెత్తడబ్బా మీద కూడా ఉంది."

"చెత్తడబ్బా ఎక్కడికీ ప్రయాణం కట్టలేదుగా!"

"వెనక కార్‌లోంచి అమ్మ హార్న్ కొడుతోంది. పన్నెండుకల్లా కాలేజీ హాస్టల్లో, అదే డార్మ్‌లో, చెకిన్ అవ్వాలి."

"ఇన్ని బొమ్మలుండగా ఈ దిక్కుమాలిన బొమ్మే దొరికిందా వీళ్ళకి?"

"థర్డ్ గ్రేడ్‌లోనే చెప్పారు మాకు. పూర్వం ఈ అమెరికాలో కొత్త భూముల కోసం అందరూ గుంపులుగా గుర్రబ్బళ్ళలో పడమటికి వెళ్తున్నారు. ఒక ఫ్యామిలీ బండి చక్రం ఇక్కడ విరిగింది. అది బాగయ్యేలోపు చలికాలం వచ్చేసింది. ఇక్కడే ఉండిపోయారు. అలా ఈ ఊరు పుట్టింది."

"మిగతా బళ్ళవాళ్ళో?"

"వెళ్ళిపోయారు."

"మళ్ళీ కలిశారా?"

"అది చెప్పలేదు అమ్మమ్మా! ఇక వెళ్దామా?"

"అయితే చక్రం విరగబట్టి ఆ ఇంటివాళ్ళంతా ఒక్కచోట ఉండిపోయారన్నమాట."

"అవును. అంటే మంచి శకునమే. చాలా?"

"మరి మన కారు చక్రం విరగదేమే?"

"అమ్మమ్మా!"

"సరే, పోనివ్వు. మెల్లగా పోనివ్వు."