చప్పుడు వస్తేనే

సాయంత్రం ఆరు గంటలు. హాల్లో మామగారూ, అప్పుడే పని నుంచి వచ్చిన కోడలూ. మధ్య బల్ల మీద అరచేతిలో ఇమిడే పాత కంప్యూటరు.

“మే పద్నాలుగు. ఆ రోజు బ్రెడ్డూ, ఉడకబెట్టిన గుడ్లూ తిన్నాం. నీ ప్లేటులో గుడ్డు అలాగే ఉండిపోయింది.”

“నమలలేకపోయాను మామయ్యా, దవడ వాచి. ఇప్పుడవన్నీ ఎందుకు?”

“ఆ రోజుది ఇందులో ఉంది.”

“ఇది మీరు సర్వేకి తీసుకెళ్ళేది కదా?”

“స్థలాల కొలతలు రాసుకునేదే. చేతులు ఖాళీ లేనప్పుడు నోటితో చెబితే రికార్డు చేసుకుంటుంది. మీ గది గోడకి ఆనించి పట్టుకున్నాను. మొత్తం పదకొండు సార్లు.”

“ఆయన నన్ను బెల్టుతో బాదుతుంటే, మీరు గోడకి ఇవతల ఇది పట్టుకుని నిలబడ్డారా?”

“కూర్చున్నాను. మోకాళ్ళు...”

“తలుపు కొట్టలేదేం?”

“సాక్ష్యం ఉంటే ఎప్పటికైనా...”

“తలుపు కొట్టలేదేం మామయ్యా?”

“భయమేసిందమ్మా. వాడంటే నాకు భయం.”

“సర్లెండి. నాకూ భయమే. స్టేషన్లో వినిపిద్దామా?”

“పొద్దున వినిపించాను. దెబ్బలున్నాయి, నీ ఏడుపుంది. వాడి గొంతు లేదు. కొట్టేది ఎవరో ఎలా తెలుస్తుందన్నాడు ఎస్సై.”

“ఎందుకు లేదు?”

“బ్యాటరీ ఆదా అవుతుందని, గట్టి చప్పుడు వస్తేనే రికార్డయ్యేలా పెట్టాను. వాడేమో...”

“అరవరు. జుట్టు పట్టుకుని, చెవి దగ్గరికొచ్చి మెల్లగా తిడతారు. అయిపోయింది! మీరు స్టేషన్‌కి వెళ్ళారని తెలిస్తే ఇవాళ నన్ను చంపేస్తారు. వచ్చే వేళైంది, దాచెయ్యండి అది!”

“వాడు మధ్యాహ్నమే వచ్చాడు.”

“వచ్చారా! ఏరీ? మామయ్యా, ఆ తువ్వాలు కింద చేతికి కట్టేంటి?”

“ఇస్త్రీపెట్టెతో కొట్టాడు. ఇది జేబులో పెట్టుకుని, స్టేషన్‌కి వెళ్ళొచ్చానని నేనే చెప్పాను.”

“మీరే చెప్పారా? పిచ్చా మీకు?”

“ఎముక విరిగిన చప్పుడు కూడా పడింది. మళ్ళీ స్టేషన్‌కి పట్టుకెళ్ళాను. ఎస్సై అంతా విని, వచ్చి వాణ్ణి జీపెక్కించాడు. కాళ్ళు కాలతాయిరా, చెప్పులేసుకో అన్నాను వాడితో.”

“ఆయన గొంతు పడిందా? అరవరు కదా!”

“నీ మీద అరవడు. నన్ను కొట్టేటప్పుడు మాత్రం గొంతు చించుకుంటాడు. ఎప్పుడూ అంతేనమ్మా, నువ్వు పనికెళ్ళాక.”