ఆదివారం మేత

చోవా చూ కాంగ్ దగ్గరి వన్యప్రాణి కేంద్రంలో ఆమె భర్త ఆరేళ్లపాటు ప్రతి ఆదివారం కొండచిలువకు మేత పెట్టారు. ఆయన చనిపోయిన నెలరోజులకు ఆమె మొదటిసారి అక్కడికి వచ్చింది. ఆయన మేత అందించే పట్టకారు ఇప్పుడు అక్కడ పనిచేసే అమ్మాయి చేతిలో ఉంది. అది చూడగానే ఆమెకు ఒళ్లు మండింది.

"బతికున్న ఎలుకనే వేసెయ్యొచ్చుగా?"

"వద్దాంటీ, తిరగబడి పామునే కొరికేస్తుంది. ఫ్రీజర్‌లో పెట్టిన చచ్చిన ఎలుకే మంచిదని అంకుల్ చెప్పారు."

"చేత్తో అందిస్తే ఏం?"

"చేతికి ఎలుక వాసన అంటితే, చెయ్యే ఎలుకనుకుని పట్టేస్తుంది. అదీ అంకులే చెప్పారు."

"నీకన్నీ చెప్పారన్నమాట."

"అంకుల్ ఒకటే కబుర్లు కదాంటీ! మమ్మల్ని నవ్విస్తూనే ఉండేవారు."

ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆయన ఇంట్లో పట్టుమని పది మాటలు మాట్లాడిన రోజు ఆమెకు గుర్తు రాలేదు.

"మా ఇంట్లో నోరే విప్పేవారు కాదు. నీది అదృష్టం."

"మొదట్లో ఇంటికొచ్చి చెప్పబోతే, అన్నం దగ్గర ఎలుకల గోలేంటని మీరు కసిరారట. అందుకే అన్నీ ఇక్కడే చెప్పేసి వెళ్తానని అనేవారు."

గోరువెచ్చని నీళ్ల గిన్నెలో, కవరులో చుట్టిన ఎలుక మంచు వదులుతోంది. ఆమె ఆ గిన్నె దగ్గరికి జరిగింది.

"కోపంగా అనేవారా?"

"లేదాంటీ. ఎప్పటికైనా ఆవిడే అడుగుతుందిలే అని నవ్వేవారు."

ఆమె పట్టకారు కోసం చెయ్యి చాపింది.

"ఎలుక ఎంత వెచ్చగా ఉండాలి?"